‘డిస్క్రైబ్’ పక్కన ‘అబౌట్’ ఎందుకు నిలవదు

మీరు అడిగినదాన్ని ముందు నాలుగు మాటల్లో చెప్పి మొదలుపెడతాను. తర్వాత చదివేవాళ్ళకూ పనికొస్తుంది. నల్లగొండ జిల్లా బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ మీద మీరు ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇంగ్లీషులో రాస్తున్నారు. ‘డిస్క్రైబ్ అబౌట్’ అని రాసిన ప్రతిచోటా మీ గైడు ‘అబౌట్’ను ఎర్ర సిరాతో కొట్టేశారు. ‘షార్ట్ డిస్క్రైబ్డ్ దట్’ (షార్ట్ అన్నది ఒక పరిశోధకుడి పేరు) అని మొదలయ్యే వాక్యం కింద గీత గీసి ప్రశ్నార్థకం పెట్టారు. నాలుగో అధ్యాయం చివర ‘ఇది డిస్క్రిప్టివ్‌గానే మిగిలిపోయింది’ అని రాశారు. ఈ క్రియను మామూలు మాటల్లో ఒకలాగా, పరిశోధనలో మరోలాగా వాడతారా, ఆ చివరి మాట తిట్టా, సలహానా అని మీ ప్రశ్న. మూడు వాక్యాలు దిద్దమని కూడా అడిగారు.

ముప్ఫై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు సైన్సు పరిశోధన వ్యాసాల భాష దిద్దుతున్నాను. ఈ మూడు ఎర్ర గీతలనూ కొన్ని వందల కాగితాల మీద నేనే గీశాను. విడివిడిగా చూస్తే అవి మూడు వేర్వేరు తప్పులు. నా అనుభవంలో మాత్రం మూడింటికీ వేరు ఒకటే. ‘డిస్క్రైబ్’ అసలు ఏ పని చేసే క్రియో మనకు ఎవరూ చెప్పలేదు. దాని తెలుగు అర్థం బట్టీపట్టించి వదిలేశారు.

లాటిన్‌లో ‘స్క్రిబెరె’ అంటే గీయడం, రాయడం. దాని ముందు ‘డే’ అనే ఉపసర్గ చేరింది. ‘కిందికి’ అన్నది ఆ ఉపసర్గ అర్థాల్లో ఒకటి. రెండూ కలిస్తే, ఎదుట ఉన్నదాన్ని చూస్తూ రాతలోకో గీతలోకో దించుకోవడం. తెలుగులో మనకు సరిగ్గా ఇదే మాట ఉంది. బొమ్మ చూసి దించాడంటాం. పక్కవాడి జవాబు చూసి దించేశాడంటాం. పిల్లవాడు అచ్చం తండ్రి పోలికతో పుడితే వాళ్ళ నాన్నను దించేశాడంటాం. పైనుంచి కిందికి తేవడం, ఉన్నది ఉన్నట్టు నకలు తీయడం, రెండూ ఆ ఒక్క ‘దించు’లో ఇమిడి ఉన్నాయి. నిఘంటువులు ‘డిస్క్రైబ్’కు ‘వర్ణించు’, ‘వివరించు’ అని అర్థం ఇస్తాయి. అవి తప్పని అనను. కాని దాని వ్యాకరణం చేతికి రావాలంటే మనసులో ‘దించు’ అనుకోండి. నా విద్యార్థులకు పనిచేసిన మందు ఇదొక్కటే.

ఈ పాత అర్థం చచ్చిపోయిందని అనుకోకండి. గణితంలో ఇంకా బతికే ఉంది. యూక్లిడ్ మూడో స్వీకృతాన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు, ఏ కేంద్రంతోనైనా ఏ దూరంతోనైనా వృత్తాన్ని ‘డిస్క్రైబ్’ చేయవచ్చు అంటారు. అక్కడ వృత్తాన్ని ఎవరూ వర్ణించడం లేదు, వృత్తలేఖినితో గీస్తున్నారు. గ్రహాలు సూర్యుని చుట్టూ దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయని కెప్లర్ 1609లో ప్రకటించాడు. ఆ సంగతిని ఇంగ్లీషు భౌతికశాస్త్ర పుస్తకాలు గ్రహం దీర్ఘవృత్తాన్ని ‘డిస్క్రైబ్’ చేస్తుంది అని రాస్తాయి. గ్రహం తన బాటను తానే ఆకాశంలో గీసుకుంటూ పోతోందన్నమాట. ఇంటర్‌లో ఈ వాక్యం చదివినప్పుడు గ్రహం ఎలా వర్ణిస్తుందో నాకు ఎంతకీ అర్థం కాలేదు. మా లెక్కల మాస్టారు సుద్దముక్కకు దారం కట్టి బోర్డు మీద తిప్పి, ‘ఇదిగో, ఇదే డిస్క్రైబ్ అంటే’ అన్నారు. ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు మీ మొదటి ఎర్ర గీత దగ్గరికి వస్తాను. బొమ్మను దించాడంటాం. బొమ్మ గురించి దించాడని అనం. దించే చేతికీ దిగే వస్తువుకూ మధ్య ‘గురించి’ దూరే చోటు లేదు. ‘డిస్క్రైబ్’ కూడా అంతే, తన కర్మను నేరుగా పట్టుకుంటుంది. ‘డిస్క్రైబ్ ద విలేజ్’, ‘డిస్క్రైబ్ ద మెథడ్’. అంతటితో సరి. మనకు ‘అబౌట్’ ఎక్కడినుంచి వస్తోందో స్పష్టమే. ‘మీ ఊరి గురించి వివరించండి’ అన్నది తెలుగులో నిక్షేపంలాంటి వాక్యం. ఆ ‘గురించి’ మన వెంట ఇంగ్లీషులోకి నడిచి వస్తుంది. ఇంగ్లీషులోనూ టాక్, రైట్, థింక్ వంటి క్రియలు ‘అబౌట్’ను పక్కన నిలబెట్టుకుంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు. ఆ క్రియలు వస్తువు చుట్టూ తిరిగి మాట్లాడతాయి. డిస్క్రైబ్, డిస్కస్, మెన్షన్ వస్తువునే పట్టుకుంటాయి. ఈ మూడింటినీ ఒక తాడుతో కట్టి గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళ వ్యాసాల్లో ‘అబౌట్’ ఎక్కువగా అంటుకునేది వీటికే.

ఒక చిన్న మెలిక ఉంది. క్రియ నామవాచకంగా మారితే పక్కన మాట కావాలి. ‘డిస్క్రిప్షన్’ తర్వాత ‘ఆఫ్’ వస్తుంది. ‘డిస్కషన్’ తర్వాత ‘అబౌట్’ కూడా చెల్లుతుంది. నామవాచకానికి చెల్లినది క్రియకు చెల్లదు. ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. స్పెల్లింగులో కూడా క్రియలోని ‘బి’ నామవాచకంలో ‘పి’ అవుతుంది: ప్రిస్క్రైబ్–ప్రిస్క్రిప్షన్, సబ్‌స్క్రైబ్–సబ్‌స్క్రిప్షన్ లాగా.

ఎవరికి చెబుతున్నామో చెప్పవలసి వస్తే ‘టు’ కావాలి. ‘గివ్ మి’, ‘టెల్ మి’, ‘షో మి’ అన్నంత తేలికగా ‘డిస్క్రైబ్ మి ద హౌస్’ అనడానికి లేదు. ‘డిస్క్రైబ్ మి’ అని ఆపితే ఎదుటివాళ్ళకు ‘నన్ను వర్ణించు’ అనే వినిపిస్తుంది. ఇంటిని ముందు పెట్టి, ‘టు మి’ తర్వాత పెట్టాలి. ‘ఎక్స్‌ప్లెయిన్’కు కూడా ఇదే పద్ధతి. తెలుగులో ‘నాకు వివరించు’ సహజం కాబట్టి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అనేస్తాం.

మీ రెండో ఎర్ర గీత నాకు మరీ ఆసక్తి కలిగించింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషులకు ఫ్లోరైడ్ నీటివల్ల వస్తున్న ఎముకల జబ్బును నమోదు చేశారు. మీరు దాన్ని ప్రస్తావిస్తూ, ఫ్లోరైడ్ హానికరమని షార్ట్ ‘డిస్క్రైబ్డ్ దట్’ అని రాశారు. ‘ఫలానాది ఫలానా విధంగా ఉంది అని’ చెప్పడం ఒక నిర్ణయాన్ని ప్రకటించడం. దాన్ని దించలేం. దించగలిగేది రూపాన్ని, తీరును, క్రమాన్ని. అందుకే ఈ క్రియ వెనక ‘దట్’ ఒదగదు. ‘హౌ’, ‘వాట్’ ఒదుగుతాయి. వెన్నెముక ఎలా బిగుసుకుపోయిందో, కీళ్ళు ఎలా కదలకుండా పోయాయో డిస్క్రైబ్ చేయవచ్చు. ఫ్లోరైడ్ హానికరమని మాత్రం రిపోర్ట్ చేయాలి, ఆర్గ్యూ చేయాలి, కన్‌క్లూడ్ చేయాలి. ఆ మూడు క్రియలూ ‘దట్’ను ఆనందంగా మోస్తాయి.

పోలిక చెప్పేటప్పుడు, పేరు పెట్టేటప్పుడు ‘యాజ్’ వస్తుంది. దీన్ని వదిలేసి రాసేవాళ్ళు తక్కువే కాని, దాని బలం తెలిసి వాడేవాళ్ళు ఇంకా తక్కువ. ఒక విలేకరి ఒక మనిషిని వ్యాపారి అని రాస్తే ఆ మాటకు పత్రికే పూచీ. పొరుగువాళ్ళు అతన్ని వ్యాపారిగా ‘డిస్క్రైబ్’ చేశారని రాస్తే పూచీ పొరుగువాళ్ళది. ఇంగ్లీషు పత్రికల్లో ‘డిస్క్రైబ్డ్ యాజ్’ ఎక్కడ కనబడినా ఒక్క క్షణం ఆగి, ఈ మాట ఎవరిదని అడగండి. అన్నవాళ్ళ పేరు లేకుండా అది కర్మణి వాక్యంలో కనబడితే రెండు క్షణాలు ఆగండి. మీ ప్రాజెక్టులోనూ ఒక గ్రామ ప్రజలు తమ నీటిని చప్పగా ఉందనో ఉప్పగా ఉందనో అన్నప్పుడు మీకు కావలసింది ఈ నిర్మాణమే. నీరు ఉప్పగా ఉందని మీరు రాస్తే మీరు కొలిచి చెప్పినట్టు. వాళ్ళు అలా డిస్క్రైబ్ చేశారని రాస్తే మీరు విని చెప్పినట్టు. శాస్త్రంలో ఈ తేడా చిన్నది కాదు.

రోజువారీ మాటల్లో ఒక విచిత్రం ఉంది. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు ఈ క్రియను ఇళ్ళలో అంత ఎక్కువగా వాడరు. కొత్త ఇల్లు ఎలా ఉందని స్నేహితుణ్ణి అడగాలంటే ‘వాట్ ఈజ్ ఇట్ లైక్’ అంటారు. మనిషి రూపం అడగాలంటే ‘వాట్ డజ్ హి లుక్ లైక్’ అంటారు. ‘నీ కొత్త ఇంటిని డిస్క్రైబ్ చెయ్యి’ అని భోజనాల దగ్గర ఎవరైనా అంటే పరీక్షాధికారి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. మనకు ఇక్కడ మరో చిక్కు: తెలుగు ‘ఎలా’ మన చేత ‘హౌ’ అనిపిస్తుంది. ‘హౌ డజ్ హి లుక్’ అంటే మనిషి నలిగిపోయి ఉన్నాడా, తేరుకున్నాడా అని అడిగినట్టు; పొడుగా పొట్టా అని అడిగినట్టు కాదు. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన మన పిల్లలు ఈ తేడాను బడిలోనే పట్టేస్తారు. పుస్తకాల్లోంచి ఇంగ్లీషు నేర్చిన మనకు ఎవరైనా చెప్పాలి.

మరి మామూలు జీవితంలో ఈ క్రియ ఎక్కడ బయటికి వస్తుంది? ఎవరికో మన మాట మీదే ఆధారపడి ఒక పని చేయవలసి వచ్చినప్పుడు. తప్పిపోయిన పెట్టె ఎలా ఉంటుందో చెప్పమని రైల్వే స్టేషన్లో అడుగుతారు. దొంగ ముఖం ఎలా ఉందో చెప్పమని పోలీసులు అడుగుతారు. నొప్పి ఎలా ఉందో చెప్పమని వైద్యుడు అడుగుతాడు. వీళ్ళెవరూ ఆ వస్తువును చూడలేదు. మన మాటల్లోంచే దాని రూపాన్ని వాళ్ళు తిరిగి నిలబెట్టుకోవాలి.

ఆ నొప్పి సంగతి కొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన విషయం. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని కొలిచే ఒక ప్రశ్నావళిని ప్రచురించాడు. అందులో ప్రధానమైనవి అంకెలు కావు, మాటలు: నొప్పి తీరును చెప్పే 78 ఇంగ్లీషు మాటలు, 20 గుంపులుగా. రోగి తన బాధకు సరిపోయే మాటలను ఎంచుకుంటాడు. వైద్యుడు వాటినిబట్టి అంచనా వేస్తాడు. లోపల జరుగుతున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు దించగల మాట దొరికితే అది వైద్యానికి పనిముట్టు అవుతుందన్న నమ్మకం మీద కట్టిన పని అది. మన భాషలో ఈ సంపద ఎంత ఉందో చూడండి. తలనొప్పి వేరు, తలపోటు వేరు. కురుపు సలుపుతుంది, గొంతు మండుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది, జ్వరం వచ్చే ముందు ఒళ్ళు తీపులు తీస్తుంది, నడుము పట్టేస్తుంది. ఇన్ని తేడాలు తెలిసిన మనిషి ఇంగ్లీషు వైద్యుడి ముందు కూర్చుని ‘పెయిన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు. లోటు గమనికలో కాదు, గమనించినదాన్ని ఇంగ్లీషులో దించే అలవాటులో. విదేశాల్లో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకు నేను కనీసం సలుపుకు ‘త్రాబింగ్’, మంటకు ‘బర్నింగ్’, పొడిచినట్టు వచ్చే పోటుకు ‘స్టాబింగ్’ నేర్పి పంపుతాను.

ఇక చదువుల వైపు వస్తే, ఈ క్రియ పరీక్షల్లో ఒక ఆజ్ఞ. బ్రిటిష్ పద్ధతి పరీక్షల్లో ‘డిస్క్రైబ్’ అంటే లక్షణాలు చెప్పమని, ‘ఎక్స్‌ప్లెయిన్’ అంటే కారణాలు చెప్పమని. మన బడుల్లో రెండింటికీ ‘వివరించుము’ అనే తెలుగు రాసేవారు. అక్కడే గీత చెరిగిపోయింది. ‘వివరించు’లో కారణం ఉంది. ‘వర్ణించు’లో అలంకారం ఉంది. మన కావ్య సంప్రదాయంలో వర్ణన అంటే అష్టాదశ వర్ణనలు: నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, ఇలా పద్దెనిమిది. అక్కడ మేడలు చంద్రుణ్ణి తాకాలి. తాకకపోతే కవికి చేతకాలేదని అర్థం. ఆ సంప్రదాయం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కాని ‘డిస్క్రైబ్’ అని అడిగిన ప్రశ్నకు ఒక విద్యార్థి కారణాలు రాస్తాడు, ఇంకొకరు విశేషణాలు గుప్పిస్తారు. అడిగినది ఆ రెండూ కాదు.

ఉదాహరణకు జనాభా లెక్కలు తీసుకోండి. 2001లో భారతదేశ జనాభా సుమారు 102 కోట్ల 87 లక్షలు. 2011లో సుమారు 121 కోట్లు. పదేళ్ళలో 18 కోట్లకు పైగా పెరిగింది. అయినా అంతకుముందు పదేళ్ళలో 21.5 శాతం ఉన్న పెరుగుదల ఈ పదేళ్ళలో 17.7 శాతానికి తగ్గింది. ఇది డిస్క్రైబ్ చేయడం. ఇందులో ఎందుకు అన్న ప్రశ్నే లేదు. సంఖ్య పెరిగిందనీ, పెరిగే వేగం తగ్గిందనీ రెండింటినీ పట్టుకోవడమే నేర్పు. కుటుంబాలు చిన్నవయ్యాయి, ఆడపిల్లల చదువు పెరిగింది అని రాయగానే ఎక్స్‌ప్లెయిన్‌లోకి అడుగుపెట్టినట్టు. ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్షలో మొదటి రాత ప్రశ్న ఇలాంటిదే: గ్రాఫు ఇచ్చి, 150 మాటలకు తగ్గకుండా ముఖ్య లక్షణాలు చెప్పి పోల్చమంటారు. మనవాళ్ళలో తెలివైన పిల్లలు అక్కడ కారణాలు ఊహించి రాసి మార్కులు పోగొట్టుకుంటారు. గ్రాఫులో లేని కారణం అక్కడ అడగని సంగతి.

పరిశోధన వ్యాసాల్లో దీని వాడుక చాలావరకు లాంఛనమే, కాబట్టి త్వరగా చెబుతాను. మన వ్యాసం ఏం చేస్తుందో చెప్పేటప్పుడు వర్తమానంలో రాస్తారు: ఈ అధ్యాయం నమూనాల సేకరణను ‘డిస్క్రైబ్స్’. వేరొకరు ఒక సందర్భంలో చేసినదాన్ని చెప్పేటప్పుడు భూతకాలం. చాలామంది చాలాసార్లు నమోదు చేసినదైతే ‘హ్యాజ్ బీన్ డిస్క్రైబ్డ్’. పద్ధతుల విభాగంలో ‘ఇంతకుముందు డిస్క్రైబ్ చేసినట్టే’ అని ఒక మూల వ్యాసాన్ని చూపిస్తే ఆ పద్ధతిని మళ్ళీ పూర్తిగా రాయనక్కరలేదు. కాని ఆ మూలం తెరిచి చూడండి. చాలాసార్లు అది ఇంకో వ్యాసాన్ని చూపిస్తుంది, అది మరొకదాన్ని. చివరికి పద్ధతి ఎక్కడా ఉండదు. ఇలాంటి గొలుసు కనబడినప్పుడు నేను రచయితకు తిప్పి పంపిస్తాను. ‘డిపిక్ట్’, ‘పోర్ట్రే’ అనే మాటలను మార్పు కోసం మధ్యమధ్య చల్లకండి. బొమ్మ అయితే ‘డిపిక్ట్’, నవలలో పాత్ర అయితే ‘పోర్ట్రే’, పనిముట్టు, పద్ధతి, లక్షణం అయితే ‘డిస్క్రైబ్’. ఒకే మాట పదిసార్లు వచ్చినా సైన్సు వ్యాసంలో దోషం కాదు.

ఒక్క అర్థం మాత్రం లాంఛనం కాదు. జీవశాస్త్రంలో ఒక జీవిని ‘డిస్క్రైబ్’ చేయడం అంటే దానికి శాస్త్రంలో జన్మపత్రిక రాయడం. ఎవరు ముందు చూశారన్నది కాదు లెక్క. ఎవరు లక్షణాలు రాసి, శాస్త్రీయ నామం ఇచ్చి ప్రచురించారన్నది లెక్క. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ మన కోస్తా పాముల గురించి పెద్ద గ్రంథం వేశాడు. మొదటి సంపుటం 1796లో వచ్చింది. రక్తపింజరను ఆయన ‘కాటుక రేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే అందులో ఎక్కించాడు. కాటుక రంగు రేకుల్లాంటి మచ్చలున్న పాము. ఆ పేరు పెట్టిన పల్లెవాళ్ళకంటే గొప్పగా ఆ పామును దించినవాళ్ళు లేరని నా అభిప్రాయం. అయినా ఆ పాము శాస్త్రీయ నామం పక్కన 1797 అనీ, లండన్‌లో దానికి లాటిన్ పేరు పెట్టి ప్రచురించిన షా, నాడర్ అనే పేర్లూ ఉంటాయి. మన గుత్తి పేరుతో ప్రపంచమంతా ఎరిగిన నీలి సాలీడు కథా ఇలాంటిదే. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనాను చూసి పోకాక్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త 1899లో దాన్ని డిస్క్రైబ్ చేశాడు. అడవిలో అది మళ్ళీ కనబడింది 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య. ఒక్క నమూనా చూసి రాసిన ఆ రాత వందేళ్ళు దాన్ని శాస్త్రంలో నిలబెట్టింది. మొక్కలకైతే ఈ రాత లాటిన్‌లోనే ఉండాలన్న నియమం 2011 చివరిదాకా ఉండేది. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది.

ఇది చదివాక మీ మూడో ఎర్ర గీతను చూడండి. ‘డిస్క్రిప్టివ్’ అన్నది దానంతట అది తిట్టు కాదు. చాలామంది గైడులు దాన్ని తిట్టులాగా వాడతారు, నాకు అది నచ్చదు. లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 1817లో వణుకు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో ఉన్నది ఆరుగురు రోగుల సంగతి. వాళ్ళలో కొందరు ఆయనకు వీధిలో ఎదురైనవాళ్ళే. ఒకరినైతే దూరం నుంచి మాత్రమే చూశాడు. కదలకుండా ఉన్నప్పుడు చేతులు వణకడం, ఒళ్ళు ముందుకు వంగిపోవడం, నడక పరుగులోకి జారిపోవడం, అన్నీ చూసి దించాడు. జబ్బుకు కారణం కూడా ఊహించాడు. మెడ దగ్గర వెన్నుపాములో ఉందనుకున్నాడు. ఆ ఊహ తప్పు. అసలు చోటు మెదడులో ఉందని తేలడానికి, అక్కడ డోపమిన్ అనే రసాయనం తగ్గుతోందని తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. కాని ఆయన దించిన రూపాన్ని చూసి ఈ రోజు కూడా ఒక వైద్య విద్యార్థి ఆ జబ్బును గుర్తుపట్టగలడు. వివరణ పడిపోయినా వర్ణన నిలిచింది. కాబట్టి ఎవరైనా ‘వట్టి డిస్క్రిప్షన్’ అంటే నేను ఒప్పుకోను.

మరి మీ గైడు తప్పు పట్టారా? లేదు. మీరు పంపిన పేజీ చదివాను. ఆయన ఎత్తి చూపినది న్యాయమే. మీ అధ్యాయం శీర్షిక కారణాలు చెబుతానని మాట ఇచ్చింది. లోపల పట్టికలోని అంకెలే వాక్యాలుగా మళ్ళీ వచ్చాయి: ఈ ఊళ్ళో ఇంత, ఆ ఊళ్ళో అంత. అది వివరణ కాదు సరే, మంచి డిస్క్రిప్షన్ కూడా కాదు. దించేవాడు ప్రతి వెంట్రుకనూ గీయడు. ముఖాన్ని గుర్తుపట్టే గీతలు గీస్తాడు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఆ గీతకు పైన ఎన్ని బావులున్నాయి, అవి ఒకచోట గుమిగూడాయా, చెదిరి ఉన్నాయా, లోతు పెరిగేకొద్దీ విలువ పెరిగిందా, ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా ఉందా? ముందు ఆ రూపాన్ని దించండి. దాని తర్వాత, వేరే పేరాలో, ఎందుకన్నది అడగండి: గ్రానైటు రాయి, అందులోని ఫ్లోరైడ్ ఖనిజాలు, నీరు రాతితో ఎంతకాలం కలిసి ఉంది, కాల్షియం తక్కువగా ఉందా. మొదటి పేరాలో ‘డిస్క్రైబ్’ అన్న క్రియ చెల్లుతుంది. రెండో పేరాకు ‘సజెస్ట్’, ‘ఇండికేట్’, ‘అట్రిబ్యూట్’ వంటి క్రియలు కావాలి. మీ నాలుగో అధ్యాయంలో ఈ రెండు పనులూ ఒకే వాక్యంలో నడిచాయి. అందుకే ఏదీ నిలబడలేదు.

మీరు అడిగిన మూడు వాక్యాలను దిద్ది ముగిస్తాను. మొదటిదాంట్లో ‘అబౌట్’ తీసేసి, క్రియ పక్కనే ‘ద సాంప్లింగ్ మెథడ్’ పెట్టండి. రెండోదాంట్లో షార్ట్ పేరు, 1937 అలాగే ఉంచి, ‘డిస్క్రైబ్డ్’ తర్వాత ‘దట్’ బదులు ఆ జబ్బు లక్షణాలనే నేరుగా కర్మగా ఇవ్వండి. ఫ్లోరైడ్ హానికరమన్న నిర్ణయం అక్కడ కావాలంటే దానికి వేరే వాక్యం, వేరే క్రియ. మూడోది, ‘గ్రామస్థులు తమ నీటి గురించి బాగోలేదని డిస్క్రైబ్ చేశారు’ అన్నది. ఆ ‘గురించి’ పోవాలి, ‘యాజ్’ రావాలి, ‘బాగోలేదు’ బదులు వాళ్ళు అన్న అసలు మాట రావాలి. ఉప్పగానా, చేదుగానా, చౌడుగానా? మీ నోటుపుస్తకంలో వాళ్ళ మాట తెలుగులో రాసి పెట్టుకునే ఉంటారు. దాన్ని చూసి దించండి.